మాటకి అడ్డుపడటం నేర్పాను

2022. వట్లూరులో మా ఇంజనీరింగ్ కాలేజీ. నేను సాఫ్ట్ స్కిల్స్ మేడమ్‌ని. నలుగురిలో ఎలా కూర్చోవాలో, ఎలా పలకరించాలో, ఉద్యోగమిచ్చేవాళ్ళ ముందు ఎలా మాట్లాడాలో ఫైనలియర్ పిల్లలకి నేర్పడం నా పని. నా చేతిలో పడితే భీమడోలు స్టేషన్లో గూడ్సుబండి కూడా "ఎక్స్‌క్యూజ్ మీ" అని కదులుతుందని స్టాఫ్‌రూములో కోతలు కోసేదాన్ని.

ఆ ఏడు ఫైనలియర్లో ఉన్న నాగమణిది కొల్లేరు మధ్యలోని కొల్లేటికోట. మార్కులకి లోటు లేదు. గ్రూప్ డిస్కషన్ అని ఒకటుంటుంది. ఎనిమిదిమందిని కూర్చోబెట్టి ఒక విషయం మీద మాట్లాడిస్తారు. రెండు కంపెనీల్లో ఈ పిల్ల అక్కడ నోరు విప్పకుండా తిరిగొచ్చింది. మూడోదీ పోతే చేపల చెరువు పనిలోకి వచ్చెయ్యమని వాళ్ళ నాన్న చెప్పేశాడు.

"నోట్లో బెల్లమ్ముక్క పెట్టుకున్నావా అమ్మా?" అన్నాను.

"వాళ్ళు చెప్పాల్సింది ఎక్కువున్నట్టుందండీ మేడమ్. అందుకే ఆగానండీ."

"ఎవరు నేర్పారే తల్లీ ఈ మర్యాద?"

"మా నాన్నండీ. కొల్లేట్లో నిలువెత్తు కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారిలో రెండు పడవలు ఎదురైతే, ఖాళీ పడవే పక్కకి తప్పుకోవాలండీ. బరువుతో వచ్చేదాన్ని ఆపకూడదండీ."

"ఇక్కడన్నీ ఖాళీ పడవలేనమ్మా. హారన్లే గట్టివి!"

ఆ రోజు నుంచీ క్లాసయ్యాక ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆపకుండా కబుర్లు చెప్పడం, మధ్యలో నన్ను ఆపమనడం. వారమైనా వింటూనే ఉంది. ఎనిమిదో రోజు, మా మేనమామ వలలో పడ్డ కొర్రమీను పడవని ఏలూరు దాకా లాక్కొచ్చిందనీ, దాని మీసాల మీద మా అత్త చీరలు ఆరేసిందనీ చెప్పాను.

"మేడమ్! కొర్రమీనుకి మీసాలుండవండీ!"

చప్పట్లు కొట్టాను. ఆ నెల్లోనే ఉద్యోగం వచ్చింది.

మొన్న హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఎలా ఉన్నారని అడిగింది. మా అమ్మ పోయిన సంగతి చెప్పబోయాను. "మా అమ్మ ఈమధ్య..." అన్నానో లేదో, "మేడమ్, ఒక్క నిమిషం, ముందు ఇది వినండి" అని అందుకుంది. టీమ్ లీడర్ అయిందట. గొంతులో బెరుకన్నది లేదు. చాలా బాగుందమ్మా అన్నాను. నిజంగానే బాగుంది. నా మాట మాత్రం నాలోనే ఉండిపోయింది.

ఇన్నేళ్ళలో మాట అందుకోవడం ఎంతమందికి నేర్పానో! ఎదుటివాళ్ళ కోసం ఆగడం నేర్పడం మాత్రం నాకు చేతకాదు. అది నేర్చుకుని వచ్చిన పిల్ల ఒక్కతే. దానిచేత మాన్పించింది నేనే.