హ్యాంగర్లకు వేసిన స్వెటర్లు

చాముండేశ్వరిగారి చదువు పదో తరగతితో ఆగిపోయింది. కానీ మా ఏజాక్స్ వేర్‌హౌస్‌లో ఉన్న డిగ్రీలన్నీ ఒకచోట పోగేసినా ఆవిడ చేతివేళ్లకు సాటిరావని నా అభిప్రాయం. అనకాపల్లి నుంచి ఇరవై మూడేళ్ల వయసులో కాంట్రాక్టు మీద మారిషస్ వెళ్లి, అక్కడి స్వెటర్ల ఫ్యాక్టరీలో ఆరేళ్లు చెకింగ్ పని చేసి, పెళ్లయ్యాక కెనడా వచ్చారు. మా కంపెనీ దిగుమతి చేసుకునే స్కూల్ యూనిఫారాల పెట్టెలు విప్పడం ఇక్కడ ఆవిడ ఉద్యోగం. ట్రక్కుల వేళలు చూసుకునే శంకర్‌ని నేను. ఆవిడ బల్ల పక్కనే నా బల్ల.

మొన్న ఫిబ్రవరిలో మారిషస్ నుంచి పన్నెండు వేల స్వెటర్లు వచ్చాయి. మా క్వాలిటీ మేనేజర్ సాకేత్ హైదరాబాద్ కుర్రాడు. మంచివాడే కానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. శుక్రవారం ఇరవై స్వెటర్లు తీసి, ముడతలు పోతాయని హ్యాంగర్లకు తగిలించి వెళ్లాడు. సోమవారం కొలిస్తే అన్నీ రెండు సెంటీమీటర్లు పొడుగు. సరుకంతా వెనక్కి పంపుతున్నామని మెయిల్ రాయడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఐదింటికి ఆ మెయిల్ వెళ్తే వచ్చే ఏడాది ఆర్డర్ ఇంకో దేశానికి పోతుంది. ఆ దీవిలో ఇప్పటికే ఎన్నో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పైగా ఈ సరుకు చాముండేశ్వరిగారు పనిచేసిన ఫ్యాక్టరీదే. ప్రతి పెట్టెలోనూ ఉన్న చెకింగ్ చీటీ మీద ఒకటే పేరు: చంద్రిక, ఏడో లైన్.

ఆవిడ ఆ చీటీ పట్టుకుని సాకేత్ దగ్గరికి వెళ్లారు.

"బాబూ, ఆ మెయిల్ ఆపండి. స్వెటర్లు బాగానే ఉన్నాయి."

"నేనే మెజర్ చేసిన ఆంటీ. టేప్ అబద్ధం చెప్తదా?"

"టేప్ చెప్పదు, హ్యాంగర్ చెప్తుంది. అల్లిన బట్టని మూడ్రోజులు వేలాడదీస్తే సాగదా మరి?"

"హ్యాంగ్ చేయొద్దని కొలతలిచ్చిన స్పెక్ షీట్‌లో ఎక్కడా లేదు కదా."

"కూరలో ఉప్పెయ్యమని కూడా ఎవరూ రాసివ్వరు బాబూ."

నాకు నవ్వాగలేదు. సాకేత్ మూతి ముడుచుకున్నాడు. "నాలుగు దాకా వెయిట్ చేస్తా. తేడా వస్తే హెడాఫీస్‌కి మీరే ఎక్స్‌ప్లెయిన్ చేయాలె."

"చేస్తాను. వేలాడదీయనివి ఇరవై తీసి పరుస్తాను, మీరే కొలవండి."

ఇరవై పెట్టెల్లోంచి ఇరవై కొత్త స్వెటర్లు తీసి, లాగకుండా, అరచేత్తో నిమిరి బల్లల మీద పరిచారు. వాటి దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. కాఫీ పట్టుకుని వెళ్లిన నన్ను కప్పుతో సహా తరిమేశారు.

నాలుగింటికి సాకేతే కొలిచాడు. పంతొమ్మిది సరిగ్గా ఉన్నాయి. ఇరవయ్యోది పొట్టి. అతను నోరు తెరిచేలోపే ఆవిడ దాన్ని తీసి పక్కన పడేశారు.

"ఇది మాత్రం తప్పే. రాసుకోండి."

సాకేత్ మెయిల్ తీసేశాడు. "అంత కాన్ఫిడెంట్‌గా ఎట్ల చెప్పిన్రు ఆంటీ?"

"ఈ తప్పు నేను ముందే చేశాను కాబట్టి."

మారిషస్‌లో మొదటి ఏడాది, సూపర్‌వైజర్ మెప్పు కోసం ఆవిడ అరవై స్వెటర్లు హ్యాంగర్లకు వేసి, పొడుగున్నాయని తిప్పికొట్టారట. ఏడో లైన్ అమ్మాయిలు అన్నీ ఊడదీసి మూడు రోజులు మళ్లీ అల్లారు. ఆ దీవిలోనే పుట్టిన తెలుగమ్మాయి చంద్రిక ఆ పనిలో పడి ఉగాదికి ఇంటికి వెళ్లలేకపోయింది. తప్పంతా తనదేనని మిషన్ ముందు కూర్చుని ఏడ్చింది. అసలు తప్పు ఎవరిదో ఈవిడకు నెల తర్వాత తెలిసింది. చెప్పే ధైర్యం చాలలేదు. పాతికేళ్లుగా ఈవిడ అది మోస్తున్నారు.

సరుకు పాసయిందని ఫ్యాక్టరీకి రిపోర్టు పంపాలి. చివర్లో రిమార్కులకు ఖాళీ ఉంటుంది. ఆవిడ సాకేత్‌ని అడిగి, నన్ను టైప్ చేయమన్నారు.

"చంద్రికా, ఈ స్వెటర్లు సరిగ్గా ఉన్నాయి. ఆ ఉగాదికి నువ్వు అల్లినవీ సరిగ్గానే ఉన్నాయి. వాటిని హ్యాంగర్లకు వేసింది నేను."

కింద చాముండి అని కొట్టాను.

"పూర్తి పేరు పెట్టు శంకర్," అన్నారు. "ఎవర్ని తిట్టాలో దానికి తెలియాలి కదా."