డ్యూటీ అయిపోయిందని ఎవరూ చెప్పని మనిషి

2004. ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రి. నేనక్కడ స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లకు మళ్లీ మాట తెప్పించడం నా పని. ఈ జబ్బును అఫేజియా అంటాం. మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, మాటే అందదు. దాన్ని మతిపోవడమని రాసేసే కుర్ర డాక్టర్లతో పోట్లాడడం నా రెండో పని. దానికి జీతం లేదు.

ఆ వేసవిలో సూర్యనారాయణగారని ఒకాయన వచ్చారు. కాకినాడ వైపు వాళ్లు, అరవై దాటాయి. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా రిటైరయ్యారని కేసు షీటులో ఉంది.

"మీ పేరేమిటండీ?" అని అడిగాను.

"యూసుఫ్" అన్నారు, తడబాటు లేకుండా.

హౌస్ సర్జన్ కిసుక్కుమన్నాడు. "ఇన్‌కా దిమాగ్ గయా, మేడమ్." ఈయన బుర్ర పోయిందట.

"నీదింకా రాలేదు, ముందు అది చూసుకో" అని పంపించేశాను.

భార్య సుభద్రగారు తలుపు దగ్గరకు వేసి అసలు సంగతి చెప్పారు. డెబ్భై ఒకటి యుద్ధానికి ముందు ఆయన్ని గూఢచారిగా సరిహద్దు అవతలికి పంపారట. ఆ పేరుతో అక్కడ బతికి, యుద్ధం నడుస్తుండగా దొరికిపోయి, ఏళ్ల తరబడి జైల్లో ఉండి, ఎడమచేతికి గోళ్లు లేకుండా తిరిగొచ్చారు.

"దొరికితే పెళ్లయిందని కూడా చెప్పొద్దన్నారటమ్మా. ఎంత కొట్టినా చెప్పలేదట."

"ఇప్పుడు మీకేం కావాలి?"

"నన్నోసారి పిలిస్తే చాలు. పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదులే. 'ఏమే' అన్నా చాలు."

నేమింగ్ అని మాకో పద్ధతి ఉంది. బొమ్మ చూపించి పేరు చెప్పించడం. గ్లాసుకు 'గిలాస్' అన్నారు, పిల్లికి 'బిల్లీ' అన్నారు. సుభద్రగారి ఫొటో పెట్టి, "ఈవిడ ఎవరండీ?" అన్నాను. ఆయన నిటారుగా అయిపోయారు.

"మైఁ ఇన్హేఁ నహీఁ జానతా."

ఈవిడను నేనెరగను. జబ్బు పడ్డాక ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. అంటూనే బల్ల కింద భార్య చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"ఇంకా అక్కడే ఉన్నారమ్మా" అన్నారు సుభద్రగారు.

తరవాతి వారం సఫారీ సూటులో ఒకాయన యాపిల్ పళ్లతో వచ్చాడు. పాత ఆఫీసు నుంచి అన్నాడు, ఏ ఆఫీసో చెప్పలేదు. పేషెంటు ఏమేం మాట్లాడుతున్నాడో కనుక్కోవడానికి వచ్చాడని రెండు ప్రశ్నల్లోనే తెలిసిపోయింది.

"వచ్చారు కాబట్టి ఒక్క పని చెయ్యండి" అన్నాను. "పక్కన కూర్చుని, నీ డ్యూటీ అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు అని చెప్పండి. మా మాట వినడం లేదు. మీది వింటారు."

"ఏ డ్యూటీ, మేడమ్?"

"మీకు తెలీదా?"

"దేఖియే, అయిపోయిందని చెబితే, ఉండేదని ఒప్పుకున్నట్టే కదా. అది నా చేతుల్లో లేదు."

"మరి ఆ పళ్లెవరికి? లేని మనిషికా?"

వాచీ చూసుకుని లేచి వెళ్లిపోయాడు.

సుభద్రగారు అంతా విన్నారు. వెళ్లి భర్త ఎదురుగా కూర్చున్నారు. "ఏమండీ, యుద్ధం ఎప్పుడో అయిపోయింది. మీరిల్లు చేరారు. నేను మీ భార్యని, చెప్పినా ఎవరూ ఏమీ అనరు."

ఆయన ఆవిడ తల నిమిరారు. పెదాలు కదిలాయి. అంతలో నా వైపు చూసి, వాటిని గట్టిగా మూసేసుకున్నారు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి ఆవిడ వచ్చి తల అడ్డంగా ఊపారు. పెళ్లాం మాట ఆర్డరు కాదు కదా!

ఆ చలికాలంలోనే ఆయన పోయారు. ఆవిడను పిలవలేదు.

జబ్బు మూసిన నోటిని నేను తెరిపించగలను. ఆజ్ఞ మూసిన నోటిని తెరిపించాల్సింది ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్లు. వాళ్లకు తీరిక ఉంటుంది, వస్తారు కూడా. కుర్చీ లాక్కుని, నోరు మూసే ఉందా లేదా అని చూసుకుని పోతారు.