దమయంతికి అచ్చొచ్చే ఊరు

మా తోటికోడలు దమయంతిని చూసినవాళ్ళెవరూ ఆమెను మొండిమనిషి అనుకోరు. ఏం చెప్పినా "అలాగేనండీ" అంటుంది. ఆ తర్వాత "చూద్దాం లెండి" అంటుంది. ఈ రెండు మాటల మధ్య తను చేయదలచుకున్నది చేసుకుపోతుంది. నాకా విద్య రాదు. నాది ముక్కు మీద కోపం. అరుస్తాను, గిన్నెలు ఎత్తి కుదేస్తాను, చివరికి ఎవరేం చెబితే అదే చేస్తాను. దమయంతి కథ దమయంతినే చెప్పమంటే "ఏముందండీ అందులో" అని ఊరుకుంటుంది. అందుకని నేనే చెబుతున్నాను.

నా పేరు మంగాదేవి. ఏలూరు పవర్‌పేటలో మా మావగారు పట్టాభిరామయ్యగారి డాబా ఇంట్లో ఉంటాం. మావగారు పేరున్న పురోహితులు. ముహూర్తమన్నా వాస్తన్నా ఆయన మాటే మాట. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన సోమసుందరం, నా మొగుడు, గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తారు. చిన్నవాడు ఉమామహేశం తండ్రి విద్యే నేర్చుకుని, మండవల్లి అవతల కొల్లేటి లంకలో ఒక శివాలయానికి అర్చకుడిగా వెళ్ళాడు. అతని భార్యే దమయంతి. వాళ్ళకి ఒక్కతే కూతురు, హర్షిణి. ఈమధ్యే పదో తరగతి పాసయింది.

లంకలో అర్చకుడంటే శివుడికి అభిషేకం చేసి ఊరుకుంటే కుదరదు. చెరువులో చేపపిల్లలు వదలాలన్నా ముహూర్తం మా మరిదే పెట్టాలి. గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, చేప ఏపుగా పెరగాలని సంకల్పం చెప్పి, ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకునేవాడు. "మనం తినం గానీ, తినేవాళ్ళు చల్లగా ఉంటేనే కదండీ మన పొయ్యి వెలిగేది" అని దమయంతి నవ్వేది. ఆమె రోజూ కైకలూరు వెళ్ళి ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. పెళ్ళినాటికి చదివింది డిగ్రీయే. పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఎమ్మెస్సీ చదివింది. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. పొయ్యి మీద పప్పు, కాళ్ళ మీద పిల్ల, చేతిలో పుస్తకం. పప్పూ మాడలేదు, పరీక్షా తప్పలేదు.

అలాంటి ఇంట్లోకి వరసగా రెండేళ్ళు కొల్లేరు వచ్చి కూర్చుంది. రెండోసారి నీళ్ళు తీశాక చూస్తే గోడలకు నాచు, బియ్యం డబ్బాలో బురద. హర్షిణి పుస్తకాలు ఉబ్బి అట్టలు ఊడిపోయాయి. "ఇంక చాలండీ" అంది దమయంతి. ఆ మాట మొగుడితో అందో, కొల్లేటితో అందో నాకు తెలియదు. మళ్ళీ వానలు పడేలోపల ఊరు మారాలని నిశ్చయించుకున్నారు.

ఎక్కడికి? గొడవంతా అక్కడే మొదలైంది.

తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు దమయంతిని మ్యాథ్స్ లెక్చరర్‌గా రమ్మన్నారు. ఆమె ఎన్నేళ్ళుగానో కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన ఉద్యోగం అది. ఇటు ఏలూరులో మావగారు మేడ మీద పోర్షను ఖాళీ చేయించారు. ఇక చూడండి, చుట్టాలందరికీ నోళ్ళు లేచాయి. ఏలూరంటే జిల్లా కేంద్రం, పెద్దాసుపత్రి ఉంది, ఇంత ఊళ్ళో పౌరోహిత్యానికి కొదవా? గూడెంలో ఏముంది, ఉల్లిపాయల మార్కెట్టు తప్ప! "తెల్లారి లేస్తే ఉల్లిపాయల కంపు" అని మా ఆడపడుచు ఫోన్లోనే ముక్కు మూసుకుంది. "ఇన్నేళ్ళు చేపల వాసనలో బతికానండీ వదినగారూ, నాకు ఉల్లిపాయ అత్తరే" అంది దమయంతి.

ఏలూరు రమ్మని అందరికంటే గట్టిగా గోల చేసింది నేనే. మా ఊరంటే నాకు పంచప్రాణాలు, అది ఒక కారణం. అసలు కారణం మడి. మావగారి పూజ అయ్యేసరికి మడి వంట సిద్ధంగా ఉండాలి. దండెం మీద ఎవరూ ముట్టకుండా ఆరిన చీర కట్టుకుని, ఎవరినీ తాకకుండా పొయ్యి దగ్గరే ఉండాలి. ఆయన భోంచేశాకే మడి విడవాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పని నాదే. నేనూ టైపు హయ్యర్ పాసైనదాన్నే. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. "మరి మడి ఎవరు కట్టుకుంటారమ్మా?" అన్నారు మావగారు. అంతే, మళ్ళీ టైపు మిషను ముట్టుకోలేదు. ఇప్పుడు నడుం నొప్పి. దమయంతి వస్తే రోజు విడిచి రోజైనా నా నడుం వాలుతుంది కదా అని ఆశపడ్డాను. ఉన్నమాట చెబుతున్నాను, ఎవరేమనుకుంటే నాకేం!

వేసవిలో ముగ్గురూ ఏలూరు వచ్చారు. భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. "ఇక్కడే ఉండి రోజూ రైల్లో గూడెం వెళ్ళిరావచ్చు కదమ్మా, ఎంతమంది తిరగడం లేదు?" అన్నారు మా ఆయన.

"వెళ్ళొచ్చండీ బావగారూ. కానీ పొద్దున్నే రైలెక్కేదాన్ని, మధ్యాహ్నం మావయ్యగారికి మడితో వడ్డించేదెలాగండీ?" అంది దమయంతి.

మా ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు మావగారు గొంతు సవరించుకున్నారు. "ఇన్ని మాటలెందుకు? అర్వణం చూద్దాం."

అర్వణమంటే ఊరికీ మనిషికీ పొత్తు చూడటం. పేరులో మొదటి అక్షరం ఏ వర్గంలో పడుతుందో చూస్తారు. ఒక్కో వర్గానికి ఒక్కో జంతువు. ఊరి పేరుకీ అంతే. రెండింటికీ పడితే ఆ ఊళ్ళో కాపురం పెట్టొచ్చు, పడకపోతే కూడదు. మావగారు ఇలా చూసి ఎంతమంది చేత ఊళ్ళు మార్పించారో!

"ఉమామహేశం. అవర్గం, గరుత్మంతుడు. ఏలూరూ అవర్గమే, దివ్యంగా ఉంది. తాడేపల్లిగూడెం తవర్గం, పాము. గరుత్మంతుడికీ పాముకీ పొత్తేమిట్రా? ఆ ఊరు నీకు శత్రువు" అని చేతులు దులుపుకున్నారు.

మా మరిది తలూపాడు. తండ్రి ఎదుట అతనికి నోట్లో నాలుక ఉండదు.

"అలాగేనండీ" అంది దమయంతి. "మరి నా పేరు దమయంతి కదండీ మావయ్యగారూ. అదీ తవర్గమే. అంటే గూడెం నాకు చుట్టం, ఏలూరు శత్రువు. అవునాండీ?"

మావగారు తల అడ్డంగా ఊపారు. "ఆడవాళ్ళ పేరుకి చూడరమ్మా. ఇంటి యజమాని పేరుకే చూస్తారు."

"మీ లెక్కన మేమిద్దరం గరుత్మంతుడూ పామూనండీ. ఇన్నేళ్ళూ ఒక్క కప్పు కింద ఉన్నాం, ఒకర్నొకరు తినెయ్యలేదు." హర్షిణి కిసుక్కున నవ్వింది. నేను నవ్వు మింగేశాను. దమయంతి మాత్రం గొంతు పెంచకుండానే అడిగింది. "పోనీ యజమాని పేరుకే చూద్దాం లెండి. గూడెంలో ఉద్యోగం నాది. ఇల్లు అద్దెకి తీసుకునేదాన్నీ నేనే. మరి యజమాని ఎవరండీ?"

మావగారి మొహం కందగడ్డ అయింది. "ఉద్యోగం, ఉద్యోగం! ఆ పాఠాలేవో మానేసి మంగతోపాటు మడి కట్టుకుంటే ఇంటికి శోభ. మంగ చేయడం లేదూ? ఏనాడైనా నోరెత్తిందా?"

దమయంతి నా వైపు తిరిగింది. "అక్కా, మీరు చెప్పండి. ఈ ఇంట్లో ఉన్నది మీరు. నన్ను ఏలూరు రమ్మంటారా?"

అందరూ నన్నే చూస్తున్నారు. రమ్మంటే నా నడుముకి సుఖం. అసలు పిలిచిందే నేను. కానీ ఏనాడూ నోరెత్తలేదన్న ఆ మాటకి నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. అది నా సుగుణమట! నన్ను అడిగిందెవరని?

"వద్దు" అన్నాను. "రావద్దు దమయంతీ. వచ్చావంటే నీ లెక్కల పుస్తకాలు అటకెక్కుతాయి. నేను చెబుతున్నాను, రావద్దు."

"పెద్దకోడలికీ మతి పోయింది" అన్నారు మావగారు. తర్వాత దమయంతితో ఖండితంగా చెప్పేశారు. "అయితే నువ్వెళ్ళు. పిల్లనీ తీసుకుపో. నా కొడుకు మాత్రం ఏలూరు వస్తాడు. శత్రువర్గం ఊళ్ళో వాడు అడుగుపెట్టడు."

అదీ సంగతి. ఉద్యోగం కావాలంటే మొగుణ్ణి వదులుకోవాలి, మొగుడు కావాలంటే ఉద్యోగాన్ని వదులుకోవాలి. దమయంతి కళ్ళు మొగుడి మీదే ఉన్నాయి. ఆ మహానుభావుడు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట అనొచ్చు కదా, అటో ఇటో! దమయంతి "చూద్దాం లెండి" అని లేచింది.

ఆ వారంలోనే నన్ను గూడెం తీసుకెళ్ళి ఇల్లు చూపించింది. స్టేషనుకి దగ్గర, రెండు గదులు, వెనక చిన్న వసారా. తప్పు పడదామనే వెళ్ళాను. గాలి బాగా వస్తోంది, కుళాయి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నాకు మరింత కోపం వచ్చింది. పక్కింటి నర్సు మెర్సీ కాఫీ ఇచ్చి, "ఎప్పుడొచ్చేస్తారండీ? మావాడికి మ్యాథ్స్ అస్సలు రాదండీ" అంది. ఆ ఇంటికి అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసింది దమయంతి.

"మీ ఆయన ఏమన్నాడు?" అన్నాను.

"ఆయన్ని నేను అడగనక్కా. నేనడిగితే సరేనంటారు, మావయ్యగారు అడిగినా సరేనంటారు. ఆ సరేలు నాకొద్దు. తనంతట తనే చెప్పాలి."

"చెప్పకపోతే?"

"హర్షిణీ నేనూ వచ్చేస్తాం" అంది.

మావగారు ఏలూరు పోర్షనుకి ముహూర్తం పెట్టేశారు. కొడుకు నోరు విప్పకపోవడం ఆయన దృష్టిలో ఒప్పుకోవడమే. సామాను దగ్గరుండి తెస్తానని నన్ను వెంటబెట్టుకుని లంకకి బయల్దేరారు. మినీ లారీ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు తలో చెయ్యీ వేసి సామాను ఎక్కించారు. వాళ్ళింటి దేవుడి పెట్టె ఒళ్ళో పెట్టుకుని మావగారు డ్రైవరు పక్కన కూర్చున్నారు. దేవుడు ఎటు వెళితే కొడుకూ అటే వస్తాడని ఆయన ధీమా. వెనక బీరువాకీ మంచాలకీ మధ్య మేం నలుగురం. దారికి రెండు పక్కలా చెరువులే. దమయంతి కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను మా మరిదిని కళ్ళతోనే నమిలేస్తున్నాను.

కైకలూరు సెంటర్లో లారీ ఆగింది. ఎడమకి తిరిగితే కొల్లేరు దాటి ఏలూరు. తిన్నగా పోతే ఆకివీడు, గణపవరం మీదుగా గూడెం. డ్రైవరు తల బయటపెట్టి, "ఎటండీ అయ్యగారూ? ఏలూరన్నారొకరు, గూడెమన్నారొకరు" అని వెనక్కి కేకేశాడు.

"ఏలూరు" అన్నారు మావగారు.

దమయంతి మొగుడి వైపు చూడను కూడా లేదు. దించిన తల ఎత్తలేదు.

ఉమామహేశం లారీ దిగాడు. పంచె సర్దుకుని ముందుకెళ్ళి తలుపు తీశాడు.

"నాన్నగారూ, కాస్త దిగండి. ఏలూరు బస్సు ఇక్కడే ఆగుతుంది. మిమ్మల్ని ఎక్కిస్తాను."

"ఏమిట్రా నువ్వనేది? శత్రువర్గంరా!"

"కానివ్వండి. వాళ్ళిద్దరూ ఒక ఊళ్ళో, నేనొక్కణ్ణీ ఇంకో ఊళ్ళో ఉంటే అదేం కాపురమండీ? ముహూర్తం మీరు పెట్టిందే, దాటిపోకుండా వెళ్ళాలి. ఆ పెట్టె ఇటివ్వండి. ఇవాళ దేవుడికి నైవేద్యం గూడెంలో."

గౌరవం ఇసుమంతైనా తగ్గించలేదు, మాటా తగ్గించలేదు. శభాష్ నాయనా అనుకున్నాను! దమయంతి చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇల్లు మునిగినప్పుడు కూడా ఏడవని మనిషి.

సెంటర్లో జనం ఆగి చూస్తున్నారు. మావగారు పెట్టె కొడుకు చేతుల్లో పెట్టి దిగారు. ఈలోగా ఏలూరు బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి నన్ను పిలిచారు.

"రా మంగా, పోదాం."

నేను లారీ దిగలేదు. "మీరు వెళ్ళండి మావయ్యగారూ. నేను గూడెంలో వీళ్ళతో రెండ్రోజులుండి వస్తాను."

"రెండ్రోజులా! మరి రేపు నా వంటో?"

"ఉతికిన పంచె దండెం మీద ఆరేసి వచ్చానండీ. మీ పెద్దబ్బాయిని మడి కట్టుకోమనండి."

ఆయన ఇంకేదో అనబోయారు గానీ కండక్టరు రైట్ అన్నాడు. బస్సు ఎడమకి తిరిగిపోయింది. దమయంతి కళ్ళు తుడుచుకుని, కూతుర్ని తీసుకుని ముందు సీట్లోకి ఎక్కింది. "గూడెం పోనివ్వండి" అంది డ్రైవరుతో.