ఎల్లారెడ్డి గోడ మీది పరలోకం

గత నెల పదకొండో తారీకు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు కామారెడ్డి బస్టాండు బయట నాకు టర్పెంటైన్ వాసన వచ్చింది. కళ్లద్దాలు మార్పించుకొని ఎల్లారెడ్డి బస్సు కోసం నడుస్తున్నాను. కుట్టుమిషన్ల దుకాణం షట్టరు దించి, ఎవరో పెద్దాయన స్టూలు మీద నిలబడి కుంచెతో పేరు రాస్తున్నారు. ఇప్పుడు అందరూ ఫ్లెక్సీలే కడుతున్నారు. చేత్తో రాసేవాళ్లను చూసి చాలా ఏళ్లయింది. నిలబడిపోయాను. బస్సు వెళ్లిపోయింది, తరువాతిదీ వెళ్లిపోయింది. నాకు డెబ్బై నాలుగేళ్లు. చేతికందే బస్సును ఇలా వదిలేసిన గుర్తు లేదు. ఆ రోజు మొదలైన గాబరా ఇంకా తగ్గలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. రాస్తే కుదురు వస్తుందేమోనని రాస్తున్నాను.

ఆ వాసన నాకు యూసుఫ్ సాబ్‌ది. ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండరు. కామారెడ్డిలో దుకాణాలకు, ఆటోలకు, రైసుమిల్లులకు పేర్లు రాసేవారు. తెలుగు, ఉర్దూ రెండూ ఒక్కలాగే వచ్చు. మా ఎల్లారెడ్డి చర్చిలో ఆరాధన బల్ల వెనుక గోడ మీద పరలోకం వేయించాలని సంఘం వాళ్లు అనుకున్నప్పుడు, మా చుట్టుపక్కల రంగులు తెలిసిన మనిషి ఆయనొక్కరే. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. వేసవి సెలవులు కాబట్టి పొద్దున తాళం తీయడం, పని చూడడం నాకు అప్పగించారు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట.

మొదటి రోజే ముసలమ్మలు వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. "మన పరలోకం సంగతి గీయనకేం తెలుసు?" అని ఒకామె అందరికీ వినబడేటట్టే అంది.

"మీరు మాత్రం సూసొచ్చిండ్రా అమ్మా?" అన్నారు యూసుఫ్ సాబ్, గోడకు ఉప్పుకాగితం రుద్దుతూ. "సూసినోళ్లు చెప్పుండ్రి, గట్లనే రాస్త."

ఆయన బొమ్మ వేస్తాననేవారు కాదు, రాస్తాననేవారు. ముసలమ్మలు నిజంగానే చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె అక్కడ బోర్లు ఎండవంది. ఇంకొకామె అక్కడ అసలు బోర్లే ఉండవు, ఊటలే అంది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. పాస్టరుగారు మాత్రం సింహాసనం ముందు గాజులాంటి సముద్రం ఉంటుందని, చుట్టూ ఒళ్లంతా కళ్లున్న నాలుగు జీవులు, ఒక్కోదానికి ఆరేసి రెక్కలు ఉంటాయని చెప్పారు. సింహాసనం మీద ఎవరినీ చూపించవద్దని, వెలుగు చాలునని కూడా అన్నారు. యూసుఫ్ సాబ్ అన్నీ విని, మర్నాడు పనికి రాలేదు. నాకు కోపం వచ్చింది. ఆ పై రోజు వచ్చి, "సముద్రం నేనెన్నడు సూడలే టీచరమ్మా. నిజాంసాగర్ కట్ట మీద మిట్టమధ్యాహ్నం దాక కూసొని సూసొచ్చిన. నీళ్లు నీలం గావు, తెలుసా?" అన్నారు. ఆయన కలిపిన రంగు సీసం లాంటి తెలుపు. దాని మీద సన్నటి పచ్చజీర.

పని తీరు ఇదీ. దారానికి నీలం పొడి అద్ది, రెండు కొసలూ బిగించి పట్టి, నడుమ వేలితో లాగి వదిలేవారు. గోడ మీద తిన్నని గీత పడేది. సైన్‌బోర్డులకు ఎలా గళ్లు గీస్తారో పరలోకానికీ అలాగే. ముందు నీడలు, తరువాత బట్టలు, చివర ముఖాలు. రెక్కల మీది ఈకలను ఒక్కొక్క విసురుతో పెట్టేవారు. చాలా రోజులు చూశాక నాకు అర్థమైంది, అక్షరం మీద తలకట్టు పెట్టే విసురు అది. ఒక జీవి ఎడమ రెక్క మీద కళ్లు లెక్కపెట్టి, "కుడిదాని కంటె ఒకటి తక్కువున్నది సాబ్" అన్నాను.

"గా ఒక్కటి మీ దగ్గరున్నది గదా, గందుకే గింత సక్కగ లెక్కపెడ్తున్నరు" అన్నారు. ముసలమ్మలు పడీపడీ నవ్వారు. కానీ సాయంత్రానికి ఆ కన్ను పెట్టారు.

సింహాసనం చుట్టూ తెల్లబట్టల జనం ఉండాలి. అక్కడ పని ఆగింది. "మొఖాలు పుట్టిచ్చుడు నాకు రాదు. పేరు ఇస్తే పేరు రాస్త, మొఖం ఇస్తే మొఖం రాస్త. మీల పోయినోళ్ల ఫోటోలు తెండ్రి" అన్నారు. అలా మొదలైంది. పెళ్లి ఫోటోలు, ఓటరు కార్డులు తెచ్చారు. గాంధారి తండా నుంచి ఒకావిడ అయితే గ్రూప్ ఫోటోలో వెనక వరుసలో సగం కనబడే తల తెచ్చింది. వారంలో పంతొమ్మిది ముఖాలు వచ్చాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లు, తమవాళ్ల ముక్కూ చెవులూ గోడ మీద తేలుతుంటే, ఒకరి చేతులొకరు పట్టుకునేవారు.

ఒక బుధవారం మా అత్తమ్మ కొంగులో నుంచి ఫోటో తీసి ఆయనకిచ్చింది. "నా కొడుకును గూడ రాయి సాబూ" అంది.

అది నా భర్త దానియేలు ఫోటో. ఆయన మేస్త్రీ. అప్పటికి ఎనిమిదేళ్ల కింద మస్కట్ పోయారు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి. ఆయనతో ఒకే గదిలో ఉన్న బీబీపేట మనిషి తిరిగి వస్తే వెళ్లి అడిగాను. వేరే కంపెనీకి మారారన్నాడు, ఏ కంపెనీయో తెలియదన్నాడు. దరఖాస్తులు పెట్టాను. జవాబు రాలేదు.

"అత్తమ్మా, గక్కడ పోయినోళ్లనే రాస్తుండు" అన్నాను.

"నాకెరుక బిడ్డా."

"మరి ఆయన పోలే గదా."

"పోలేదని నీకెవరు చెప్పిండ్రు?"

"పోయిండని నీకెవరు చెప్పిండ్రు?"

 అత్తమ్మ నా వైపు చూడకుండా, "నా కండ్లు మూతబడక ముందుగాల ఒక్క తాప సూసుకుంట. పైనన్న సూసుకుంట" అంది. ఆమెకు అది చాలు. నాకు, ఆయనను నా కళ్లముందే ఆ గోడ మీద పెట్టడమంటే నా చేతులతో పూడ్చినట్టు.

యూసుఫ్ సాబ్ మంచె దిగి కుంచె తుడుచుకున్నారు. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. "మొఖం నా దగ్గర పెట్టుకుంట" అని ఫోటో జేబులో వేసుకున్నారు. "చేతులు చెప్పుండ్రి. చేతులెట్లుంటుండె?"

"ఎడమచేతి చిటికెన వేలు సగమే" అంది అత్తమ్మ. "రాయి పడ్డది."

మూడో వరుస చివర, కింది వైపు ఒక మనిషిని రాశారు. తెల్లబట్ట, మెడ, భుజాలు, సగం వేలున్న చెయ్యి, అన్నీ ఆయనవే. ముఖం దగ్గర మాత్రం చర్మం రంగు మొదటి పూత వేసి వదిలేశారు.

"సగం ఆపిన లెక్కకు నేను సున్న ఏస్త సాబ్" అన్నాను.

"ఏసుకోండ్రి. మరి అంకె తెల్వకపోతే పిల్లలతోటి ఏం రాయిస్తరు?"

"ఎక్స్ అని రాయిస్త. గానీ ఎక్స్‌ను ఎవరు గోడ మీద నిలవెట్టరు."

ఆయన పొట్ట పట్టుకొని నవ్వారు. వాదంలో నేనే గెలిచాను. ముఖం మాత్రం అలాగే ఉంది.

తరువాత ఆరేళ్లు అత్తమ్మ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గోడ దగ్గరికి పోయి ఆ వేలు తాకేది. రంగు అరిగి లోపలి సున్నం కనబడేది. ఏడాదికోసారి యూసుఫ్ సాబ్ వచ్చి, ఆ ఏడు పోయినవాళ్లను కలిపి, వేలికి కూడా కొత్త రంగు పెట్టేవారు. నేను ఒక్క చోట కూర్చోలేకపోయేదాన్ని. ఎడమ బెంచీల నుంచి ఆ ఖాళీ ముఖం కనబడేది. స్తంభం చాటుకు మారితే కనబడేది కాదు గానీ, అక్కడ ఉందని తెలిసేది. పాట మధ్యలో లేచి బయటికి పోయేదాన్ని. కొన్ని ఆదివారాలు, ఇక చాలు, ఆయన పోయారు, రాయించేస్తాను అనుకునేదాన్ని. ఇంటికి పోయే దారిలో పోస్టుమ్యాను సైకిలు కనబడితే చాలు, మళ్లీ మొదటికి వచ్చేది. బడిలో, బంధువుల్లో, అందరూ ఏదో ఒకటి తేల్చుకోమనే చెప్పేవారు.

అత్తమ్మ పోయాక ఆమె ముఖం రాయడానికి యూసుఫ్ సాబ్ వచ్చారు. ఆ ఖాళీ ముఖం పక్కనే, దాని వైపు తిరిగి చూస్తున్నట్టు రాశారు. సంఘం పెద్ద ఒకాయన, "అందరు సింహాసనం దిక్కు సూస్తుంటే గీమె పక్కకు సూసుడేంది?" అన్నాడు.

"ఆరేండ్ల సంది ఆదివారం ఆదివారం గిటే సూసింది. ఇయ్యాల మెడ తిప్పుమంటే తిప్పుతదా?" అన్నారు యూసుఫ్ సాబ్. 

అందరూ పోయాక ఆయన డబ్బాలో నుంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఫోటో తీశారు. ఆరేళ్లయినా మరక పడలేదు. "టీచరమ్మా, రంగు కలిపే ఉన్నది. పెట్టనా?"

 ఔననే అందామనుకున్నాను. ఇక ఇంట్లో ఎదురుచూసేది నేనొక్కదాన్నే, ఆ ఎదురుచూపు బరువుగా ఉంది. కానీ బయటికి వచ్చిన మాట, "ఇప్పుడే వద్దు సాబ్."

ఎందుకని అడగలేదు. జాలిపడలేదు. మూత బిగించి, కుంచె కడుక్కొని, నాలుగు గంటల బస్సుకు పోయారు. నన్ను అడిగి, నా జవాబును అలాగే తీసుకున్న మనిషి ఆయన ఒక్కరే.

రెండేళ్ల కింద చర్చి కప్పు కురుస్తోందని పాతది కూల్చి కొత్తది కట్టారు. తప్పదు, నేనూ సంతకం పెట్టాను. గోడ పడే రోజు వేలున్న చోట ముక్క కోసి ఇవ్వమని మేస్త్రీని బతిమాలాను. అతను జాగ్రత్తగానే ఉలి పెట్టాడు. సున్నం పొడి పొడిగా చేతిలో రాలింది. ఇప్పుడక్కడ జలపాతం ఫ్లెక్సీ ఉంది.

గోడ పడ్డ మర్నాడు కామారెడ్డి పోయాను. యూసుఫ్ సాబ్ మంచం మీద ఉన్నారు, చేతులు వణుకుతున్నాయి. కూతురు సలీమా ఛాయ్ తెచ్చింది. "గోడ పోయింది సాబ్" అన్నాను.

"రెక్కలు?"

"పోయినయ్."

"నిజాంసాగర్ నీళ్లు?"

"పోయినయ్."

"మీ అత్తమ్మ?"

"ఆమె గూడ."

"దానియేలు మొఖం?"

నేను గాజు గ్లాసు కిందపెట్టాను. ఆయన నవ్వారు. "గది పోలే టీచరమ్మా. నేను పెట్టనే లేదు గదా." సలీమాను పిలిచి డబ్బా తెప్పించి, ఫోటో నాకిచ్చేశారు. ఆ చలికాలమే పోయారు.

గత నెల ఆ మంగళవారం కళ్లద్దాల దుకాణంలో కాగితం నింపుతూ, "భర్త ఉన్నరా, లేరా అమ్మా?" అని పిల్ల అడిగింది. ఖాళీగా వదలమన్నాను. కంప్యూటరు ఒప్పుకోదంది. ఒప్పుకునే దాకా ఆగుతానన్నాను. సగం ఆపిన లెక్కకు సున్న వేసిన చెయ్యి ఇదే. ఫోటో కళ్లద్దాల పెట్టెలో ఉంటుంది. ఇంకా కుదురు రాలేదు.

పోయినవి రాస్తున్నాను. గోడ ఒకటి. జీవులు నాలుగు, వాటి రెక్కలు ఇరవై నాలుగు. నిజాంసాగర్ నీళ్లు. ముఖాలు ఇరవై ఏడు, అత్తమ్మది కలిపి. వేలు ఒకటి, సగం. యూసుఫ్ సాబ్.

దానియేలు ముఖం ఈ లెక్కలో వేయలేదు.