పెదనాన్న దారి అడిగితే

పెదనాన్నకు దారి అడగడమంటే ప్రాణం. ముప్పై ఏళ్ళు పోస్ట్‌మన్‌గా చేసి, ఇంటి నంబరు చెబితే ఆ ఇంటి కుక్క పేరు కూడా చెప్పగలిగిన మనిషి, రిటైరయ్యాక పక్క వీధికి వెళ్ళాలన్నా ఇద్దర్ని అడిగి గానీ కదలడు. ఒకసారి సొంత వీధి మొదట్లో నిలబడి తన ఇంటికే దారి అడగడం చెవులారా విన్నానని పెద్దమ్మ ఒట్టేసి చెబుతుంది.

అలాంటి మనిషి నడిపే కారులో, ముందు సీట్లో పెద్దమ్మ కూర్చుంటే వెనక పెట్టెల మధ్య ఇరుక్కుని, పదకొండు గంటల్లోపు కొత్త ఊళ్ళో ఉద్యోగంలో చేరాలంటే ఆయన తమ్ముడి కూతురి గుండె ఎలా కొట్టుకుంటుంది? ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం. ఆలస్యమైతే తర్వాతివాళ్ళకు ఇచ్చేస్తామని ఉత్తరంలో స్పష్టంగా రాశారు. అసలు భయం అది కూడా కాదు. ఒక్క రోజైనా ఒంటరిగా ఉండి ఎరగని పిల్ల, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఒక్కతే ఉండాలి. జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కెవరని వారం నుంచి ఆమెకు నిద్ర లేదు.

ఊరు మాత్రం ముచ్చటగా ఉంది. వంతెన దాటగానే ఏటవాలు వీధులు, కిటికీల్లో పూలకుండీలు, రంగురంగుల తలుపుల చిన్న చిన్న కొట్లు. అవి చూసే స్థిమితం ఆమెకెక్కడిది? తొమ్మిదిన్నరకు ఊళ్ళోకి వచ్చిన కారు పదింపావుకి కూడా మొదటి వీధి దాటలేదు.

ఆసుపత్రి ఎక్కడని అడిగి ఊరుకుంటే ఆయన పెదనాన్నే కాదు. తాళంచెవులు చేసే ఆయన దగ్గర కారాపి, దిగి, ఏ ఊరినుంచి ఎన్నింటికి బయల్దేరిందీ, దారిలో టైరు ఎక్కడ పంక్చరైందీ చెప్పాకే అసలు ప్రశ్న. ఈలోగా వెనక్కి తిరిగి, "దిగమ్మా, ఒకసారి కనబడు" అన్నాడు. ఆమె పళ్ళు నూరుకుంటూ దిగి నవ్వింది.

"మా తమ్ముడి కూతురండీ. ఎక్స్‌రే తీస్తుంది. ఈ వీధిలోనే ఉండబోతోంది."

తాళాలాయన ఎడమకు తిరగమన్నాడు. పెదనాన్న పది గజాలు పోయి, ఎందుకైనా మంచిది దర్జీని కూడా అడుగుదామన్నాడు. దర్జీ తర్వాత మందుల కొట్టు, దాని తర్వాత క్షౌరశాల. మేడమీద బట్టలు ఆరేస్తున్న ముసలావిడను కేకేసి కిందికి దింపి మరీ అడిగాడు. ఆవిడ దారి చెప్పలేదు గానీ మోకాళ్ళ నొప్పుల చరిత్ర మొదటినుంచీ చెప్పింది. అమ్మాయి అదంతా విని, ఎక్స్‌రేకు ఏ రోజు రావాలో చెప్పి బయటపడింది. ఆఖరికి ఆసుపత్రి బోర్డు కిందే నిలబడి, ఆసుపత్రి ఎక్కడని పెదనాన్న రొట్టెల కొట్టాయన్ను అడిగాడు. ఆయన వేలు పైకి చూపించాడు.

"పెదనాన్నా, నా ఉద్యోగం ఊడినా ఇంకా దారి అడుగుతూనే ఉంటావా?" అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

"ఇంకా పన్నెండు నిమిషాలున్నాయమ్మా," అన్నాడాయన తాపీగా.

పదకొండుకు నాలుగు నిమిషాల ముందు ఆమె సంతకం పెట్టింది. పెదనాన్నా పెద్దమ్మా సామాను గదిలో సర్ది, మధ్యాహ్నమే తిరుగుప్రయాణమయ్యారు.

సాయంత్రం ఆమె డ్యూటీ దిగింది. బితుకుబితుకుమంటూ బయటికొచ్చిందో లేదో, మీ పెదనాన్నకు ఆసుపత్రి కనబడిందా అని రొట్టెల కొట్టాయన నవ్వుతూ పలకరించాడు. మేడమీది ముసలావిడ ఎల్లుండి వస్తానంటూ, ఒంట్లో ఎప్పుడు బాగోకపోయినా ఒక్క కేక వెయ్యమంది. తాళాలాయనైతే గది గడియ సరిగ్గా పడుతోందా అని అడిగాడు.

"ఆ గడియ సంగతి మీకెలా తెలుసండీ?"

"నేనే కదమ్మా మార్చింది. పోయిన మంగళవారం మీ పెదనాన్న ఒక్కడే వచ్చి, గదీ ఆసుపత్రీ అన్నీ చూసుకుని, నాచేత గడియ మార్పించాడు. ఆసుపత్రికి అడ్డదారి ఉందని నాకు చెప్పిందే ఆయన."

"మరి పొద్దున ఎడమకు తిరగమన్నారు?"

"అలా చెబితే చాలన్నాడు. అమ్మాయిని కాస్త కనిపెట్టుకుని ఉండమన్నాడు."

పొద్దుట్నుంచి పెదనాన్నను తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. వారం తర్వాత మొదటిసారి ఆకలి కూడా వేసింది. గది ఇంకా నాలుగిళ్ళ దూరంలో ఎదురుగా కనబడుతూనే ఉంది. మధ్యలో ఒక గొడుగుల కొట్టు. పొద్దున మూసి ఉండబట్టి పెదనాన్న బారిన పడలేదు. అమ్మాయి తిన్నగా అందులోకి వెళ్ళి, తాను ఎక్స్‌రే తీస్తానని చెప్పి, తన ఇంటికి దారెటని అడిగింది.