ముందుగా వచ్చిన రైస్ కుక్కర్

మా పై వాటా కొన్న మల్సూన్ చెడ్డ మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెబితే మీరు నమ్మరు.

కున్సాన్ రేవులో చేపలు కోసి కోసి ఆవిడ వేళ్లు వంకర్లు పోయాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె కొంపలే. ఒకసారి మంచిరోజు చూడకుండా ఇల్లు మారారు. ఆ ఏడే మొగుడు పడవ మీంచి పడి చనిపోయాడు. అప్పట్నుంచి దయ్యాలు తిరగని రోజు చూసుకోనిదే ఆవిడ కొత్త గడప తొక్కదు. సామాను కన్నా ముందు, నిండా బియ్యం పోసిన రైస్ కుక్కర్ కొత్త ఇంటి నడిమధ్యన దిగాలి. మా కొరియా వాళ్లందరికీ ఉన్న పట్టింపే, ఆవిడకి మాత్రం పిచ్చి.

ఇల్లు అమ్మినవాడు టేగ్యూ. వాళ్లమ్మ బున్నే అవ్వకి జబ్బు ముదిరింది, ఆకులు రాలేదాకా ఉంటే గొప్పన్నారు డాక్టర్లు. తన గదిలో, అడుగున గొట్టాల్లో వేడి పారే తన వెచ్చటి నేల మీద పోవాలని ఆవిడకున్నది ఒకే ఒక్క కోరిక. ఇంటి బయట చావు కుక్కచావని మావాళ్ల నమ్మకం. ఆవిడ వైద్యానికే కొడుకు ఇల్లు అమ్మాడు, ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. అందుకే ఆవిడ పోయాక, చలికాలంలో తాళాలిస్తానని మల్సూన్‌తో ఒప్పందం.

తాళాలిస్తానన్న ఆ రోజు మంచిది కాదట. అంతకు ముందే వచ్చిన మంచిరోజున మల్సూన్ కుక్కర్‌ని గుడ్డలో చుట్టుకొచ్చి, మా మెట్ల మీదే అతన్ని నిలేసింది.

"తమ్ముడూ, నేను రాను. ఇదొక్కటే వస్తుంది. సామాను నువ్వన్న రోజుకే."

"అమ్మ చూసిందంటే అంతే అక్కా. ఆవిడకేం తెలీదు."

"పక్క మీంచి లేవలేని మనిషి ఎలా చూస్తుంది?"

"సరే. సింకు కింద అరలో పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చెయ్."

"ఏమే, అంత కంగారేంటి? ఇల్లు పారిపోతుందా?" అన్నాను నేను.

"పారిపోయేది నా మనుషులే," అంది. నేనూ వెంట వెళ్లాను.

అర దాకా వెళ్లింది, చేతులు రాలేదు. అదృష్టాన్ని చెత్తబుట్ట పక్కన దాస్తారా ఎవరైనా! వెనక్కి వచ్చి హాలు మధ్యలో దింపింది. నడుం ఎత్తేసరికి, ఎలా లేచిందో ఏమో, అవ్వ తన గది గుమ్మంలో ఉంది, గోడ పట్టుకుని.

కుక్కర్ వంక చూసింది. అడగడానికేం లేదు, మాలో ఎవరికైనా దానర్థం తెలుసు. మెల్లగా కూలబడి మూత ఎత్తింది.

"నిండుగానే పోశావమ్మా. మంచిరోజే చూసుకున్నావు." కొడుకు వైపు తిరిగింది. "ఎవరి బియ్యం దిగితే వాళ్లదేరా ఇల్లు. నా పక్క చుట్టు."

టేగ్యూ తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు. మల్సూన్ కుక్కర్ ఎత్తబోయింది.

"తియ్యకు. వచ్చిన బియ్యాన్ని తిప్పి పంపితే నీకే అరిష్టం," అంది అవ్వ.

ఆ మంచితనం చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

ఎవరు బతిమాలినా అవ్వ వినలేదు, ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లిపోయింది. ఒప్పందం రోజు రాకముందే అక్కడ, పరాయి దగ్గుల మధ్య ఇనప మంచం మీద పోయింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే తన గదిలోనే పోయేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మల్సూన్ హాల్లోనే పడుకుంటుంది. అవ్వ గదిలో ఒక్క సామానూ పెట్టలేదు. చలికాలమంతా ఆ గది నేలకి మాత్రం వేడి నడుస్తూనే ఉంటుంది.

"ఖాళీ గదికి వేడెందుకే, బుద్ధుందా?" అని తిట్టాను మొన్న.

"నేల చల్లబడితే అవ్వ ఎక్కడ పడుకుంటుంది?" అంది.