నీళ్లున్న వైపు తూర్పు

నిన్న మా బడి వెనక సందులో ఎవరో టైరు కాల్చారు. ఆ కంపు తగలగానే పటం చూపిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లొచ్చినా ఆ వాసనకి నేను మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను. వెంటనే రత్నం టీచర్ గుర్తొస్తారు.

గంగ ఒడ్డున ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల ఇళ్ల మధ్య, చర్చి హాల్లో నడిచే తెలుగు బడిలో ఆవిడ మాకు మూడో తరగతి చెప్పేవారు. మాలాగే ఆవిడా భీమిలి వైపు నుంచి వలసొచ్చినవారే. "దిక్కులు గోడమీదుంటాయేటి? రండి!" అంటూ మమ్మల్ని వీధిలోకి తీసుకెళ్లేవారు. అవి ఎక్కడ చూసినా ఎర్రజెండాలెగిరే రోజులు. మా పేటలో రెండు ముఠాలకి పడేది కాదు. ఈ గొడవల్లో పిల్లల్ని బయట తిప్పడమేమిటని అమ్మలంతా సణిగేవారు.

ఒక పొద్దున మమ్మల్ని నాలుగు వీధుల కూడలిలో నిలబెట్టారు. పాఠం మొదలు కాకముందే ఢామ్మని నాటుబాంబు పేలింది. దుకాణాల షట్టర్లు దడదడా పడ్డాయి. "తూర్పు సందులోకి ఎల్లిపోండి!" అని టీచర్ అరిచారు. ముందున్నవాళ్లు ఆవిడ వెంట పోయారు. వెనకున్న నేను బుద్ధిగా తూర్పుకే, అంటే గంగ వైపే, పరిగెత్తాను. మా ఇంట్లో అందరూ సముద్రమున్న వైపే తూర్పు అనేవారు మరి! మా ఊళ్లో అది నిజమే. ఈ ఊళ్లో నీళ్లు పడమట ఉన్నాయని నాకెవరు చెప్పారు?

ఆ వీధి చివర కాలుతున్న టైర్ల పక్కన కత్తులు పట్టుకున్న మనుషులున్నారు. "ఏయ్ ఖుకీ, పాలా!" అంటూ ఒకడు వాళ్ల భాషలో నన్ను పారిపొమ్మని గద్దించాడు. కాళ్లు కదిలితేగా! గౌను తడిసిపోయింది. ఇంతలో ఎవరో నా జడ పట్టి లాగారు. రత్నం టీచర్.

"ఎటెల్లిపోతన్నావే పిల్లా! తూర్పన్నాను కదేటి?"

"ఇదే కదా టీచర్! నీళ్లిటే కదా!"

"ఓలమ్మో!" అని నన్ను చంకనేసుకుని పరిగెత్తారు. మా వెనకే ఇంకోటి పేలింది.

చర్చి తలుపులు మూశాక, ఇక తిట్లు తప్పవనుకున్నాను. ఆవిడ నా పక్కనే కూలబడ్డారు. "వచ్చిన కొత్తల్లో నేనూ అలాగే అనుకున్నానే. ముందు అదే సెప్పాల్సింది నేను," అన్నారు. నా చెయ్యి పట్టుకుని, "బయ్యమేస్తే కాళ్లని నమ్మకే. పొద్దెక్కడుందో సూడు," అన్నారు.

ఇప్పుడు నేనూ పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్లి దిక్కులు చెబుతాను. తిరిగొచ్చేదాకా ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి పిల్లల్ని లెక్కపెట్టుకుంటూనే ఉంటాను. ఇంత పిరికిదానికి ఈ పనెందుకని ఒక్కోసారి నన్ను నేనే తిట్టుకుంటాను. కానీ ఆ రోజు చర్చి హాల్లో నా చెయ్యి పట్టుకున్న ఆవిడ చెయ్యి నాకంటే ఎక్కువ వణికింది. అంత భయంతోనే ఆవిడ నా కోసం వెనక్కి వచ్చారు.